ఫుటీ దేశంలో ఫుట్‌బాల్ అభిమానులు: అపోహలు - వాస్తవాలు

మెల్‌బోర్న్ పడమటి శివార్లలోని ఒక క్లబ్బులో పిల్లల జట్లకు ఫుట్‌బాల్ (ఇక్కడివారి మాటలో సాకర్) నేర్పడం మొదలుపెట్టి నాకు పదకొండేళ్లు నిండాయి. శనివారం తెల్లవారగానే మైదానానికి గీతలు గీసి, గోల్‌పోస్టులకు వలలు కట్టి, ఆట మొదలయ్యాక గీత అవతల నిలబడిన తల్లిదండ్రులతో మాట్లాడడం కూడా ఈ పనిలో భాగమే. వారిలో హైదరాబాద్, విజయవాడల నుంచి వచ్చినవారితో పాటు మలయాళీలు, ఇంగ్లండువారు, అర్జెంటీనావారు, సూడాన్‌వారు కూడా ఉన్నారు. ఎవరిని కదిలించినా వినిపించేది మాత్రం ఒకే రకమైన రెండు మనసుల మాట. ఆటలంటే ఇంత ప్రాణం పెట్టే దేశానికి వచ్చామన్న సంతోషం ఒకవైపు, ఆ ప్రాణంలో మన ఆటకు దక్కిన వాటా ఇంతేనా అన్న బాధ మరొకవైపు. ఆ బాధను నేను తప్పుపట్టను, ఎందుకంటే అది నాలోనూ ఉంది. అయితే దానికి మనం చెప్పుకునే కారణాల్లో కొన్ని నిజం కావు, మరికొన్ని సగమే నిజం. తరచుగా వినేవాటిని ఇక్కడ ఒక్కొక్కటిగా పరిశీలిస్తాను.

అపోహ: ఫుట్‌బాల్ అనే పేరును ఇక్కడివారు తమ ఫుటీ (ఆస్ట్రేలియన్ రూల్స్ ఫుట్‌బాల్ అనే వేరే ఆట) కోసం మన ఆట నుంచి లాక్కున్నారు.

వాస్తవం: 1858 జులైలో టామ్ విల్స్ అనే క్రికెటర్, చలికాలంలో క్రికెట్ ఆటగాళ్ల ఒళ్లు బిగువు సడలకుండా ఒక ఫుట్‌బాల్ క్లబ్ పెట్టుకోవాలని పత్రికకు లేఖ రాశాడు. మరుసటి ఏడాది మే నెలలో మెల్‌బోర్న్ క్లబ్ తన నియమాలను రాసుకుంది. లండన్‌లో ఫుట్‌బాల్ అసోసియేషన్ ఏర్పడి మన ఆటకు నియమావళి తయారైంది 1863లో. అందువల్ల విక్టోరియావాసి తన ఆటను ఫుట్‌బాల్ అనీ ముద్దుగా ఫుటీ అనీ పిలిస్తే, అది తాతముత్తాతల నుంచి వచ్చిన అలవాటే తప్ప మనల్ని చిన్నచూపు చూడడం కాదు. సిడ్నీ, బ్రిస్బేన్ నగరాల్లో అదే మాటకు ఎక్కువమంది రగ్బీ లీగ్ అని అర్థం చేసుకుంటారు. సాకర్ అన్న మాట పుట్టినది కూడా ఇంగ్లండులోనే.

పేరు కంటే ముఖ్యమైన విషయం ఆ లేఖలోనే ఉంది. ఫుటీ క్రికెట్ ఒడిలో పెరిగింది, కాబట్టి రెండింటికీ ఒకే కోడిగుడ్డు ఆకారపు మైదానం సరిపోతుంది; వేసవిలో ఒకరు, చలికాలంలో మరొకరు దానిని వాడుకుంటారు. మన ఆటకు దీర్ఘచతురస్రం కావాలి. కొత్త కాలనీ వెలిసినప్పుడు స్థానిక కౌన్సిల్ ఒక గుండ్రటి మైదానం వేస్తే రెండు ఆటలవారు సంతృప్తి చెందుతారు, మనం మాత్రం విడిగా అడగవలసి వస్తుంది. మా అండర్-12 పిల్లలు రెండు సీజన్ల పాటు ఒక్క మూలన మాత్రమే దీపాలు వెలిగే సగం మైదానంలో సాధన చేశారు. లక్షమంది కూర్చోగల మెల్‌బోర్న్ క్రికెట్ గ్రౌండ్ (ఎంసీజీ)లో ఫుట్‌బాల్ మ్యాచ్ చూసినవారికి గ్యాలరీకీ గీతకూ మధ్య ఉన్న ఎడం ఎంత వెలితిగా అనిపిస్తుందో తెలుసు.

అపోహ: ఆస్ట్రేలియాలో ఫుట్‌బాల్ సంస్కృతి అనేదే లేదు, ఉన్నదంతా 2005 తరువాత డబ్బుతో తయారుచేసినదే.

వాస్తవం: నన్ను అన్నిటికంటే ఎక్కువగా బాధించే అపోహ ఇదే, ఎందుకంటే మనకు ముందు ఇక్కడికి వచ్చిన వలసదారుల చెమటను ఇది ఒక్క మాటతో తుడిచేస్తుంది. రెండవ ప్రపంచ యుద్ధం తరువాత ఓడలు దిగిన గ్రీకులు, ఇటాలియన్లు, క్రొయేషియన్లు, మాసిడోనియన్లు, హంగేరియన్లు, యూదులు పగలంతా కర్మాగారాల్లో పనిచేసి, వారాంతాల్లో తమ భాష వినిపించే చోటు కోసం క్లబ్బులు కట్టుకున్నారు. సౌత్ మెల్‌బోర్న్ హెల్లాస్, మెల్‌బోర్న్ క్రొయేషియా, ప్రెస్టన్ మాసిడోనియా, సిడ్నీలో మార్కోని, హకోవా వంటి పేర్లు అలా పుట్టినవే. ఆ క్లబ్బులు పెళ్లి సంబంధాలు కుదిరే చోట్లుగా, ఉద్యోగం కబురు తెలిసే చోట్లుగా, పండుగ జరుపుకునే చోట్లుగా కూడా పనిచేశాయి. ఇవాళ మన తెలుగు సంఘాలు ఉగాదికీ బతుకమ్మకూ చేసే పనిని ఆ రోజుల్లో ఫుట్‌బాల్ క్లబ్బు ఏడాది పొడవునా చేసింది.

1977లో మొదలైన జాతీయ సాకర్ లీగ్‌కు వెన్నెముక ఆ క్లబ్బులే. హంగేరీ మహా ఆటగాడు ఫెరెంక్ పుష్కాష్ 1989 నుంచి 1992 వరకు సౌత్ మెల్‌బోర్న్‌కు కోచ్‌గా ఉన్నాడు. ఆ జట్టు కెప్టెన్, ఏథెన్స్‌లో పుట్టి పసివాడిగా మెల్‌బోర్న్‌కు వచ్చిన ఆంజ్ పోస్టెకోగ్లూ, ఆయనకు దుభాషిగా, కారు నడిపేవాడిగా కూడా ఉండేవాడు. 1991 గ్రాండ్ ఫైనల్‌లో ఆ జట్టు ఒలింపిక్ పార్కులో మెల్‌బోర్న్ క్రొయేషియాను పెనాల్టీల్లో ఓడించింది. అదే పోస్టెకోగ్లూ 2015లో ఆస్ట్రేలియాకు ఆసియా కప్‌ను, 2025లో టాటెన్‌హామ్‌కు యూరోపా లీగ్‌ను గెలిచిపెట్టాడు. ఇంగ్లిష్ లీగ్ కోసం అర్ధరాత్రి అలారం పెట్టుకుని లేచే మన కుర్రాళ్లలో ఎంతమందికి, ఆయన ఆట నేర్చుకున్న క్లబ్బు ట్రామ్‌లో వెళ్లగలిగే దూరంలోనే ఉందని తెలుసు?

అయితే ఈ కథలో చేదు కూడా ఉంది. 1990లలో ఆ క్లబ్బులను తమ జాతుల పేర్లు, చిహ్నాలు వదులుకోవాలని ఒత్తిడి చేశారు. మెల్‌బోర్న్ క్రొయేషియా మెల్‌బోర్న్ నైట్స్ అయింది. 2004లో జాతీయ సాకర్ లీగ్ మూతపడి, మరుసటి ఏడాది ఎనిమిది జట్లతో ఏ-లీగ్ అనే కొత్త జాతీయ లీగ్ మొదలైనప్పుడు వాటిలో చాలావాటికి చోటు దక్కలేదు. 2014లో జాతీయ సంఘం ఒక విధానం తెచ్చి, కొత్తగా పెట్టుకునే పేర్లలోనూ చిహ్నాల్లోనూ జాతి, దేశం, మతం జాడలు ఉండకూడదని నిర్దేశించి, విమర్శల తరువాత 2019లో దానిని ఎత్తివేసింది. పాత క్లబ్బుల మధ్య హింస, రాజకీయ వైరాలు నిజంగానే ఉండేవి, వాటిని అదుపు చేయవలసిన అవసరమూ ఉండేది. అయినా ఇల్లు కట్టినవాడిని గుమ్మం మీద పేరు చెరుపుకోమనడం న్యాయమని నేను ఏనాడూ ఒప్పుకోలేకపోయాను. ప్రవాస అభిమాని మనసులోని ఊగిసలాటకు మూలం చాలావరకు ఇక్కడే ఉంది: ఈ దేశం మన ఆటను ఇష్టపడుతుంది, కానీ ఆ ఆటతో వచ్చిన మనుషుల పేర్లు పలకడానికి చాలాకాలం సంకోచించింది.

అపోహ: ఏ-లీగ్ నాసిరకం, దానికి వెళ్లడం దండగ.

వాస్తవం: ఇంగ్లండు, స్పెయిన్ లీగులతో పోల్చితే ఆట నాణ్యత తక్కువే, అందులో దాపరికం అవసరం లేదు. కానీ 2012లో పుట్టిన వెస్టర్న్ సిడ్నీ వాండరర్స్ రెండేళ్లకే, 2014లో, సౌదీకి చెందిన అల్ హిలాల్‌ను ఓడించి ఆసియా ఛాంపియన్స్ లీగ్ గెలిచింది. ఇక్కడ అసలు ఫిర్యాదు చేయవలసినది నిర్మాణం గురించి. కింది డివిజన్ నుంచి గెలిచి పైకి వచ్చే దారి, అట్టడుగున నిలిస్తే కిందికి జారిపోయే భయం రెండూ ఏ-లీగ్‌లో లేవు. లైసెన్సు ఉన్నవారే ఆడతారు. పట్టికలో మొదట నిలిచిన జట్టు కాక గ్రాండ్ ఫైనల్ గెలిచిన జట్టు ఛాంపియన్ కావడం కూడా ఫుటీ, రగ్బీల అలవాటు నుంచి వచ్చినదే. మా క్లబ్బులోని అర్జెంటీనా తండ్రి ఒకాయన, ఓడినా ఏమీ కోల్పోని చోట గెలుపుకు రుచి ఎక్కడిదని అడుగుతాడు. ఆయన ప్రశ్నకు నా దగ్గర పూర్తి జవాబు లేదు.

2022 డిసెంబరులో లీగ్ యాజమాన్యం గ్రాండ్ ఫైనల్‌ను మూడేళ్ల పాటు సిడ్నీకి కట్టబెట్టినప్పుడు, ఆ హక్కు ఫైనల్ చేరిన రెండింటిలో పట్టికలో పైన నిలిచిన జట్టు సొంత మైదానానిదని నమ్మిన అభిమానులు దేశమంతటా నిరసన తెలిపారు. ఆ నిరసన మధ్యనే నగరంలోని రెండు జట్లు తలపడే మెల్‌బోర్న్ డెర్బీలో కొందరు మైదానంలోకి దూకి, గోల్‌కీపర్ ముఖాన లోహపు బకెట్ విసిరి గాయపరిచారు, ఆటను మధ్యలోనే ఆపేశారు. తరువాతి ఫిబ్రవరిలో మా సాధన మొదలైన రోజున, తొమ్మిదేళ్ల గోల్‌కీపర్ ఒకడు నా దగ్గరకు వచ్చి, పెద్దయ్యాక నన్ను కూడా కొడతారా అని అడిగాడు. చేసిన దుర్మార్గానికి ఏ నిరసనా సాకు కాదు. కానీ నెలల పాటు ఆ ఒక్క దృశ్యాన్నే చూపి, వేలమంది శాంతంగా లేచి బయటికి నడిచిన సంగతిని మరుగున పడేయడం కూడా అన్యాయమే. 2023 అక్టోబరులో ఆ నిర్ణయాన్ని వెనక్కి తీసుకున్నారు.

అపోహ: పిల్లల మ్యాచ్‌లలో స్కోరు రాయరు, పట్టిక ఉండదు, కాబట్టి ఇక్కడ పోటీతత్వం నేర్పరు.

వాస్తవం: "కోచ్ అన్నా, మనోళ్లు గెలిచిన్రా, ఓడిన్రా?" అని హైదరాబాదీ తండ్రులు ప్రతి శనివారం అడుగుతారు. వారి ప్రశ్నలో తప్పేమీ లేదు, నేనూ అలాగే పెరిగాను. ఇక్కడ అండర్-6, అండర్-7 పిల్లలు నలుగురేసి, గోల్‌కీపర్ లేకుండా చిన్న మైదానంలో ఆడతారు. అండర్-8, అండర్-9లో ఏడుగురేసి, ఆ తరువాత రెండేళ్లు తొమ్మిదిమందేసి ఉంటారు. పదకొండుమంది ఆట అండర్-12 నుంచి మొదలవుతుంది, అప్పటిదాకా పట్టికలు ప్రకటించరు. నేను సికింద్రాబాద్‌లో ఆడిన బడి మైదానంలో ఇరవైరెండుమందిమి ఒకే బంతి వెంట పరుగెత్తేవాళ్లం. ఒళ్లున్న నలుగురైదుగురికే బంతి అందేది, సన్నగా ఉన్నవాడు గంటసేపు గాలిని తన్ని ఇంటికి వెళ్లేవాడు. నలుగురేసి ఆడినప్పుడు దాక్కోవడానికి చోటుండదు. బంతి ప్రతి పిల్ల దగ్గరికీ, ప్రతి పిల్లవాడి దగ్గరికీ వస్తుంది. స్కోరు సంగతంటారా, పిల్లలకు అది ఎప్పుడూ తెలుసు, అడిగితే గోల్ గోల్‌కూ ఎవరు కొట్టారో చెబుతారు.

ఈ పద్ధతిలో లోపం వేరేచోట ఉంది. పదకొండేళ్లు సున్నితంగా పెంచిన పిల్లలను ఒక్కసారిగా ఎంపిక పరీక్షల్లోకి తోసి, ఎవరు పై జట్టుకో, ఎవరు కింది జట్టుకో ఒక ఈమెయిల్‌తో తేల్చే అలవాటు చాలా క్లబ్బుల్లో ఉంది. ఆ ఈమెయిల్‌కు ముందు పిల్లవాడితో పది నిమిషాలు కూర్చుని మాట్లాడని కోచ్ తన పని సగమే చేసినట్టు.

అపోహ: ఫుట్‌బాల్ పేదవాడి ఆట, బంతి ఒక్కటి ఉంటే చాలు.

వాస్తవం: ప్రపంచంలో చాలాచోట్ల నిజమైన ఈ మాట ఇక్కడి క్లబ్బులకు వర్తించదు. ప్రతిభ ఉన్న పిల్లల కోసం నడిచే పై స్థాయి జట్లలో ఏడాది రుసుము వేల డాలర్లలోకి వెళ్తుంది. అదే వయసు పిల్లవాడికి ఫుటీ చాలా తక్కువ ఖర్చుతో దొరుకుతుంది, ఎందుకంటే పైనున్న లీగ్ టీవీ హక్కుల సొమ్ము కిందిదాకా కొంత పారుతుంది. మా పేటలో ఇద్దరు సూడాన్ అన్నదమ్ములు, నా చేతిలో పెరిగిన అందరిలోకీ చురుకైన పాదాలున్నవారు, ఈ కారణంగానే ఫుటీకి వెళ్లారు. వారు అక్కడ సంతోషంగా ఉన్నారు, నాకు మాత్రం ఆ నష్టం ఇంకా మానలేదు.

రుసుము కట్టాం కదా, మిగతాదంతా క్లబ్బే చూసుకోవాలని మనవారు అనుకోవడం దీనికి అనుబంధమైన అపోహ. క్యాంటీన్‌లో సాసేజ్ కాల్చేవారు, జట్టు మేనేజరు, గీతలు గీసేవారు, చిన్న పిల్లల ఆటకు రిఫరీగా నిలిచేవారు, అందరూ జీతం లేని తల్లిదండ్రులే. పిల్లలతో పనిచేయడానికి అవసరమైన ప్రభుత్వ తనిఖీ పత్రం స్వచ్ఛంద సేవకులకు విక్టోరియాలో ఉచితం. ఆస్ట్రేలియా క్రీడాసంస్కృతిలో నాకు అన్నిటికంటే నచ్చినది ఈ పద్ధతే. గీత బయట నిలబడి ఏళ్ల తరబడి పరాయిగా మిగిలిన తండ్రి, రెండు శనివారాలు క్యాంటీన్‌లో నిలబడితే పేరుతో పిలవబడే మనిషి అవుతాడు.

అపోహ: స్థానికులకు ఈ ఆట ఎక్కదు.

వాస్తవం: 2005 నవంబరు 16న సిడ్నీలో జాన్ అలోయిసి పెనాల్టీతో ఉరుగ్వేను ఓడించి, 1974 తరువాత మళ్లీ ప్రపంచకప్‌కు వెళ్లిన రాత్రిని ఇక్కడివారు ఇప్పటికీ గుర్తుచేసుకుంటారు. 2023 మహిళల ప్రపంచకప్ సెమీఫైనల్‌కు సిడ్నీలో 75,784 మంది వచ్చారు. 2001లో ప్రస్తుత లెక్కింపు మొదలైన తరువాత ఈ దేశంలో అత్యధికులు చూసిన టీవీ కార్యక్రమం అదే. ఇంగ్లండు చేతిలో 3-1తో ఓడిన ఆ ఆటలో మటిల్డాస్ (ఆస్ట్రేలియా మహిళల జట్టు) తరఫున గోల్ కొట్టిన సామ్ కెర్ తండ్రి కోల్‌కతాలో పుట్టాడు, ఆమె పన్నెండేళ్ల దాకా ఫుటీ ఆడి ఇటు వచ్చింది. మరుసటి చలికాలం మా క్లబ్బులో ఆడపిల్లల కోసం కొత్తగా రెండు జట్లు వేయవలసి వచ్చింది.

అపోహ: ఫుటీని ఇష్టపడితే ఫుట్‌బాల్‌కు, ఆస్ట్రేలియాను సమర్థిస్తే భారత్‌కు ద్రోహం చేసినట్టే.

వాస్తవం: ఆఫీసులో ప్రతి వారం ఫుటీ మ్యాచ్‌లలో ఎవరు గెలుస్తారో ఊహించే పందెంలో పేరివ్వడం, ఎంసీజీలో ప్రత్యర్థి అభిమాని పక్కనే కూర్చుని చిప్స్ పంచుకోవడం నన్ను ఫుట్‌బాల్ నుంచి ఒక్క అడుగు కూడా దూరం చేయలేదు. రెండు జట్ల అభిమానులను కంచె వేసి విడదీయవలసిన అవసరం లేని ఆ గ్యాలరీ నుంచి మన ఆట నేర్చుకోదగినది ఉంది. దేశాల విషయం అంత తేలిక కాదు. 2024 జనవరిలో ఆసియా కప్‌లో ఆస్ట్రేలియా భారత్‌ను 2-0తో ఓడించినప్పుడు, మా ఇంట్లో నేను నీలం చొక్కాతో, ఇక్కడే పుట్టిన నా కొడుకు పసుపు చొక్కాతో ఒకే సోఫాలో కూర్చున్నాం.

ఏఏఎంఐ పార్కులో మ్యాచ్‌కు పిల్లలను తీసుకువెళ్లినప్పుడల్లా నేను వారిని కొంచెం ముందుగా రమ్మంటాను. ఆ స్టేడియం పక్కనే పాత ఒలింపిక్ పార్కు ఉండేది. 1956 డిసెంబరు 1న అక్కడే, హైదరాబాద్ పోలీస్ జట్టును తీర్చిదిద్దిన సయ్యద్ అబ్దుల్ రహీం శిక్షణలో భారత జట్టు ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి, ఒలింపిక్ సెమీఫైనల్ చేరిన తొలి ఆసియా జట్టయింది. నెవిల్ డిసౌజా మూడు గోల్స్ కొట్టాడు. సికింద్రాబాద్ అమ్ముగూడకు చెందిన తులసీదాస్ బలరాం ఆ జట్టులో ఉన్నాడు. ఆ ఒలింపిక్ పార్కు స్టేడియాన్ని తరువాత కూల్చివేశారు. ఇప్పుడు అక్కడ ఉన్నది కాలింగ్‌వుడ్ ఫుటీ జట్టు సాధన చేసే గుండ్రటి మైదానం. కంచె దగ్గర నిలబడి ఈ సంగతి చెబుతుంటే, పిల్లలు మొదట నా ముఖం వైపు, తరువాత ఆ పచ్చిక వైపు చూసి, గోల్‌పోస్టులు ఎటు వైపు ఉండేవని అడుగుతారు.