జూన్ ప్రతి ఏడాదీ వస్తుంది: ఇంటి పొదుపు మీద అపోహలు, వాస్తవాలు

"ఈ ఒక్క నెల ఆగండి అక్కా, అనుకోని ఖర్చొచ్చింది."

హైదరాబాద్‌లో నాచారం, మల్లాపూర్ వైపు పోస్టాఫీసు ఆర్‌డీలు (నెలనెలా ఇంతని కట్టే పొదుపు ఖాతాలు) కట్టించే ఏజెంటుగా 19 ఏళ్లలో నేను ఎక్కువసార్లు విన్న మాట ఇది. ఏంటమ్మా ఆ అనుకోని ఖర్చు అంటే, పిల్లల స్కూలు ఫీజు. జూన్‌లో బడులు తెరుస్తారని తెలియదా మరి?

ఎవరు ఏ నెల కట్టలేదో నా లిస్టులో పెన్సిల్‌తో సున్నా చుట్టి పెట్టుకుంటాను. ఒకే ఇంటివాళ్ల మూడేళ్ల లిస్టులు పక్కపక్కన పెడితే సున్నాలన్నీ ఒకే వరుసలో పడతాయి. జూన్, బోనాల నెల, దసరా నెల.

అపోహ: నెల ఖర్చులు రాసుకుంటే చాలు, బడ్జెట్ వేసినట్టే.

మిగతా అపోహలు ఎలా ఉన్నా, ఇళ్లను ముంచుతున్నది మాత్రం ఇదే. అద్దె, పాలు, కిరాణా, గ్యాస్, రీచార్జీలు రాస్తారు. జీతంలోంచి తీసేసి, మిగిలిందంతా మిగులే అనుకుంటారు. ఏడాదికోసారి వచ్చేవి ఆ కాగితం మీద కనిపించవు.

మొన్న వేసవిలో ఒక చెల్లెలు ఇలాంటి కాగితమే తెచ్చింది. భర్త చర్లపల్లిలో మెషీన్ ఆపరేటర్, తను బ్లౌజులు కుడుతుంది. ఇద్దరిదీ కలిపి 38 వేలు. నా దగ్గర కట్టే 3 వేల ఆర్‌డీ కూడా పోను నెలకు 5 వేలు మిగులుతున్నట్టు లెక్క. "మిగులుతోంది కదా అక్కా, మరి అప్పు ఎందుకు తీరట్లేదు?" అని అడిగింది. అడుగుతుంటే గొంతు వణికింది. ఆయన తననే అనుమానిస్తున్నాడట, ఎక్కడ తగలేస్తున్నావని.

ఇద్దరం ఫోన్‌పే హిస్టరీ తీసి ఏడాది వెనక్కి వెళ్లాం. ఇద్దరు పిల్లల ఫీజులు 64 వేలు. పుస్తకాలు, యూనిఫాం, బూట్లు 14 వేలు. బోనాలకు 8 వేలు. దసరాకు బట్టలు, ఊరి ప్రయాణం 16 వేలు. బండి ఇన్సూరెన్సు, సర్వీసింగు 5 వేలు. పెళ్లిళ్ల చదివింపులు 12 వేలు. వానాకాలం జ్వరాలకు 10 వేలు. ఎల్‌ఐసీ ప్రీమియం 15 వేలు. మొత్తం 1,44,000.

పన్నెండుతో భాగించమన్నాను. 12 వేలు. అంటే నెలకు 5 వేలు మిగులుతుందనుకున్న ఇంట్లో నిజానికి 7 వేలు లోటు. దుబారా ఎక్కడా లేదు. పాపం, ఇద్దరూ ఒకరినొకరు ఉత్తపుణ్యానికి అనుమానించుకున్నారు.

ఆ లోటు ఎట్లా పూడుస్తున్నారంటే, చేబదుళ్లు. 40 వేలు, మూడు రూపాయల వడ్డీకి. ఆర్‌డీ వడ్డీని 2023 అక్టోబర్‌లో 6.7 శాతం చేశారు. మన రూపాయి వడ్డీ లెక్కలో చెప్పాలంటే నూటికి నెలకు 56 పైసలు. మహా అయితే 56 పైసల వడ్డీకి నా దగ్గర దాచి, మూడు రూపాయల వడ్డీకి పక్కింట్లో తెచ్చుకుంటున్నారు!

ఆమె ఇంకో 2 వేల ఆర్‌డీ తెరుద్దామని వచ్చింది. వద్దన్నాను. నా కమీషన్ పోతుంది, పోనీ. ఉన్న ఆర్‌డీకి మూడేళ్లు దాటాయి. ఏడాది నిండి, 12 కిస్తీలు కట్టి, ఆగిపోకుండా నడుస్తున్న ఆర్‌డీ మీద సగం దాకా లోన్ ఇస్తారు, వడ్డీ ఆర్‌డీ వడ్డీకి 2 శాతం ఎక్కువ. పాస్‌బుక్ బీరువాలో పెట్టుకుని ఈ సంగతి తెలియనివాళ్లే నా దగ్గర ఎక్కువ. ఆ లోన్‌తో చేబదులు తీర్చేయించాను. నెలకు 1,200 కట్టే వడ్డీ 300 లోపుకు దిగింది. ఫోన్ ఈఎంఐ 2,400 ఆ నెలతోనే అయిపోయింది. స్కూలు ఆటో 1,800 మానేసి వాళ్లాయన డ్యూటీకి పోతూ పిల్లల్ని దింపుతున్నాడు. ఇంకా 2 వేల దాకా లోటుంది, బ్లౌజు రేటు పెంచుతానంటోంది. ఏడాది ఖర్చుల డబ్బు వేరే అకౌంటులో పడుతుంది. దానికి యూపీఐ లేదు, ఏటీఎం కార్డు వాళ్లమ్మ దగ్గరుంది.

దసరాకు 16 వేలు ఎందుకని నేను అడగలేదు. పండగ పండగే. ఆ 16 వేలు వస్తాయని మార్చిలోనే తెలుసుకొమ్మన్నాను, అంతే.

ఇంత చెబుతున్న నేను 2011 జూన్‌లో మా అమ్మాయి ఫీజుకు గాజులు కుదువ పెట్టాను. బస్తీ అందరి పొదుపూ నా సంచిలో, నా గాజులు మాత్రం వడ్డీ కొట్టులో. విడిపించడానికి 14 నెలలు పట్టింది. అందుకే ఈ విషయంలో కాస్త గట్టిగా మాట్లాడతాను.

మిగతావి గబగబా చెప్పేస్తాను.

"చాయ్ మానేస్తే కూడబెట్టొచ్చు." రోజుకు రెండు ఇరానీ చాయ్‌లు, 40 రూపాయలు వేసుకున్నా డ్యూటీ రోజులకు నెలకు వెయ్యి. చిన్న మొత్తమేమీ కాదు. కానీ పై లిస్టు రాయకుండా చాయ్ దగ్గర మొదలుపెడితే మిగిలేది తలనొప్పే.

"ఫ్రీ బస్సు వచ్చాక మాకు మిగులుతోంది." 2023 డిసెంబర్ 9 నుంచి ఆడవాళ్లకు సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్‌లలో టికెట్‌కు డబ్బుల్లేవు. మంచిదే. ఆ పాసు డబ్బులు ఇప్పుడెక్కడున్నాయో చూపించమంటే మాత్రం ఎవరూ చూపించలేదు.

"చిట్టీ అంటే పొదుపే." చివరిదాకా ఆగినవాళ్లకు పొదుపు, రెండో నెలలో పాట పాడుకున్నవాళ్లకు అప్పు. పైగా రిజిస్టర్ కాని చిట్టీ నడపడం 1982 చట్టం ప్రకారం నేరం. "మా ఆంటీ నడుపుతుంది, నమ్మకం" అంటే నేను చెప్పేదేమీ లేదు.

క్రెడిట్ కార్డు మినిమమ్ డ్యూ కడితే చాలన్నవాళ్లతో వాదించే ఓపిక నాకిప్పుడు లేదు. స్టేట్‌మెంట్ వెనక వడ్డీ రేటు చదువుకోండి.

ఈ దసరా నెల ఆ చెల్లెలి గడిలో మళ్లీ సున్నా పడింది. గుండె జారి ఫోన్ చేశాను. "అయ్యో అక్కా, డబ్బులున్నాయి, ఊరెళ్లే హడావిడిలో మర్చిపోయా" అంది. నూటికి రూపాయి చొప్పున 30 రూపాయలు ఫైన్ కట్టించాను.