ఆయిల్ కారేది ఒకచోట, కనబడేది ఇంకోచోట: పాత బండ్ల లీకులపై అపోహలు, వాస్తవాలు

ఒంగోలులో కర్నూలు రోడ్డు పక్కన నా షెడ్డు. చేసేవన్నీ ఎక్కువగా పాత బండ్లే. పొగాకు బేళ్లు మోసే ట్రాలీలు, రొయ్యల చెరువుల దగ్గర తిరిగే జీపులు, తాతల నాటి డీజిల్ కార్లు. లోపలికి వస్తూనే చాలామంది చెప్పే మాట ఒకటే: "అన్నా, ఆయిల్ కారతా ఉంది, సీలు మార్చెయ్." జబ్బూ మందూ రెండూ వాళ్లే తేల్చేసి వస్తారు. ఆ తొందరలోనే డబ్బు పోతుంది. అందుకే రోజూ వినే మాటలు కొన్ని తీసుకుని, అసలు సంగతి ఏమిటో రాస్తున్నాను.

అపోహ: చుక్క ఎక్కడ పడుతోందో అక్కడే లీకు.

దాదాపు ఎప్పుడూ కాదు. ఆయిల్ కిందికి జారుతుంది, బండి నడిచేటప్పుడు గాలికి వెనక్కి పాకుతుంది. ఇంజన్ పైన ముందు వైపు మొదలైన లీకు, ఇంజన్‌కీ గేర్‌బాక్స్‌కీ మధ్య సందు దగ్గరికి చేరి అక్కడ చుక్కగా రాలుతుంది. కింద పడుకుని చూసినవాడికి అది వెనక ఆయిల్ సీలు (తిరిగే షాఫ్టు చుట్టూ ఆయిల్ బయటికి రాకుండా ఆపే రబ్బరు రింగు) లీకు లాగే కనబడుతుంది.

సింగరాయకొండ వైపు నుంచి రొయ్యల రైతు ఒకాయన జీపు తెచ్చాడు. అప్పటికే రెండుసార్లు గేర్‌బాక్స్ దించి వెనక సీలు మార్పించాడట. "బాబాయ్, ఈసారి విప్పే ముందు కడుగుదాం" అన్నాను. ఆయనకు నమ్మకం కుదరలేదు, అయినా సరేనన్నాడు. ఇంజన్ చల్లారాక డీజిల్, బ్రష్షుతో మడ్డి అంతా వదలగొట్టి, సబ్బు నీళ్లతో కడిగి, గాలి కొట్టి ఆరబెట్టాం. తర్వాత మొహానికి రాసుకునే పౌడరు డబ్బా తీసుకుని ఇంజన్ వెనక భాగమంతా చల్లాను. చీమకుర్తి దాకా వెళ్లి వచ్చాం. బానెట్ ఎత్తి టార్చి వేస్తే తెల్లటి పౌడరు మీద చీమల బారులా సన్నటి నల్ల గీత. వేలితో ఆ గీత వెంట పైకి పోతే టాపెట్ కవర్ (ఇంజన్ పైన ఉండే మూత) వెనక మూల తగిలింది. అక్కడ సందు మూయడానికి మధ్యలో వేసే కార్కు ప్యాకింగ్ ఎండిపోయి, గోటితో గీకితే బిస్కెట్టులా విరిగింది. వెనక సీలు పొడిగా, శుభ్రంగా ఉంది. రెండుసార్లు గేర్‌బాక్స్ దింపించిన లీకు, చివరికి ఒక్క ప్యాకింగ్‌తో పోయింది.

కాబట్టి తడిసిన చోట్లలో అన్నిటికంటే పైన, అన్నిటికంటే ముందు ఉన్నదే అనుమానించాల్సిన చోటు. పౌడరుకు దొరకనంత సన్నటి లీకైతే, ఆయిల్‌లో కలిపే మెరిసే రంగు మందు ఉంటుంది. కొంత దూరం నడిపాక నీలం లైటు వేస్తే లీకు దారి పచ్చగా మెరుస్తుంది. అయినా పౌడరు, టార్చి, ఓపిక ఉంటే చాలా బండ్లకు ఆ అవసరం రాదు.

అపోహ: కింద మరక ఉందంటే అది ఇంజన్ ఆయిలే.

రాత్రి పార్కు చేసేటప్పుడు బండి కింద పాత అట్టపెట్టె విప్పి పరవండి. ముందు చక్రాలు ఎక్కడున్నాయో దాని మీద పెన్నుతో గుర్తు పెట్టండి. పొద్దున ఆ అట్టే సగం సంగతి చెబుతుంది. నల్లగానో గోధుమ రంగులోనో ఉంటే ఇంజన్ ఆయిల్. చిక్కగా ఉండి గంధకం లాంటి ఘాటు వాసన వస్తే గేర్ ఆయిల్. పచ్చగా గానీ గులాబీ రంగులో గానీ ఉండి తీపి వాసన వస్తే రేడియేటర్ కూలెంట్. పవర్ స్టీరింగ్ ఆయిల్ చాలా బండ్లలో ఎర్రగా ఉంటుంది. ఏసీ బండి కింద ఎడాపెడా పడేది ఉత్త నీళ్లు, దానికి టెన్షన్ పడక్కర్లేదు. చక్రం లోపలి వైపు గానీ పెడళ్ల దగ్గర గానీ పల్చగా, జారుడుగా తడి కనబడితే మాత్రం అది బ్రేక్ ఆయిల్ కావచ్చు. ఆ బండిని వీధి చివరి వరకు కూడా నడపకండి, మెకానిక్‌నే ఇంటికి పిలవండి.

అపోహ: ఇంకాస్త టైటు చేస్తే ఆగుతుంది.

షెడ్డుల్లో ఎక్కువ నష్టం ఈ మాట వల్లే జరుగుతుంది. టాపెట్ కవరుకూ, ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టికి, అంటే ఆయిల్ చాంబర్‌కూ ఉండేవి చాలావరకు 10 నంబరు పానా పట్టే చిన్న బోల్టులు. వాటికి 8 నుంచి 10 న్యూటన్ మీటర్ల బిగువు చాలు. అంటే జానెడు పానా చివర ఐదు కిలోల బరువు వేలాడదీస్తే పడేంత. అంతకు మించి లాగితే రేకు చాంబర్ అంచు బోల్టు దగ్గర లోపలికి నొక్కుకుపోయి, రెండు బోల్టుల మధ్య పైకి లేస్తుంది. ప్యాకింగ్ నలిగి పక్కకు పొంగుతుంది. ఇక ఎంత బిగించినా ఆయిల్ ఆ మధ్య సందులోంచే వస్తుంది. అలాంటి చాంబర్‌ని విప్పి, అంచును సమంగా ఉన్న ఇనుప దిమ్మ మీద పెట్టి, చిన్న సుత్తితో బోల్టు కన్నాల చుట్టూ మెల్లగా సాపు చేయాలి. కొత్త ప్యాకింగ్ వేశాక బోల్టులు మధ్య నుంచి మొదలుపెట్టి అటొకటి ఇటొకటి చొప్పున రెండు మూడు విడతల్లో బిగించాలి.

డ్రెయిన్ బోల్టుదీ ఇదే కథ. దాని కింది రాగి వాషరు ఒకసారి నలిగితే మళ్లీ సరిగ్గా కూర్చోదు. ఆయిల్ మార్చిన ప్రతిసారీ కొత్త వాషరు వేయాలి. పాతదే వేసి బలంగా లాగితే మర పోతుంది, అప్పుడు లేత్ షాపుకు పరుగెత్తాలి.

అపోహ: గ్యాస్కెట్ పేస్టు ఎంత దట్టంగా పూస్తే అంత మంచిది.

ఇది విన్నప్పుడల్లా నాకు ఒక డీజిల్ వ్యాను గుర్తొస్తుంది. ఆయిల్ నిండుగా ఉంది, అయినా ప్రెషర్ లేదు. చాంబర్ దించి చూస్తే, ఆయిల్ పీల్చే జాలీకి బూడిద రంగు తీగలు, ముద్దలు అతుక్కుని ఉన్నాయి. ఎవరో పేస్టు వేలి మందాన పూశారు. బయటికి ఎంత పొంగిందో లోపలికీ అంతే పొంగి, ఆరి, తెగి, పోయి జాలీని మూసేసింది. లీకు మాత్రం ఆగింది. బేరింగులు పోయాయి.

పేస్టు వేయాల్సిన చోట సన్నటి తీగలా, మధ్యలో తెగకుండా, బోల్టు కన్నాల లోపలి వైపు నుంచి పోవాలి. అంతకు ముందు రెండు వైపులా పాత పొర పూర్తిగా గీకి, థిన్నర్‌తో ఆయిల్ జిడ్డు లేకుండా తుడవాలి. ట్యూబు మీద రాసినంత సేపు ఆరనివ్వాలి. పూసిన అరగంటకే ఆయిల్ పోసి స్టార్ట్ చేస్తే అది కడుక్కుపోతుంది. ఇక తయారీదారు కార్కు గానీ రబ్బరు గానీ ప్యాకింగ్ ఇచ్చిన చోట అదే చాలు, చాలా ఇంజన్లలో మూలల దగ్గర మాత్రమే చుక్క పేస్టు కావాలి.

అపోహ: సీలు కొత్తది వేసినా కారిందంటే సీలు డూప్లికేటు.

కొన్నిసార్లు నిజమే. కానీ ముందు షాఫ్టు మీద గోరు పెట్టి చూడండి. ఏళ్ల తరబడి సీలు పెదవి (షాఫ్టును తాకే లోపలి అంచు) ఒకేచోట రాసుకుని అక్కడ గాడి పడి ఉంటుంది. గోరు తట్టుకుంటే కొత్త సీలు కూడా ఆ గాడిలోనే కూర్చుని కారుతుంది. చోటు ఉంటే సీలును ఒకటి రెండు మిల్లీమీటర్లు ముందుకో వెనక్కో కూర్చోబెట్టొచ్చు, లేదా షాఫ్టుకు పల్చటి స్టీలు తొడుగు ఎక్కించొచ్చు. ఎక్కించే ముందు సీలు పెదవికి ఆయిల్ రాయాలి. పొడిగా ఎక్కిస్తే మొదటి తిరుగుడులోనే కాలిపోతుంది.

దీనికంటే ఎక్కువగా వదిలేసేది బ్రీదర్ పైపు. పిస్టన్ పక్కనుంచి కిందికి దిగిన గాలి బయటికి పోయే దారి అది. అందులో మడ్డి పేరుకుని మూసుకుపోతే లోపల ఒత్తిడి పెరుగుతుంది. ఆ ఒత్తిడి ఎక్కడ బలహీనంగా ఉంటే అక్కడినుంచి ఆయిల్‌ను బయటికి నెడుతుంది. ఈ నెల ముందు సీలు, వచ్చే నెల టాపెట్ కవర్, ఆ పై నెల గేజి పుల్ల (ఆయిల్ ఎంతుందో చూసే పుల్ల) కన్నం. ఇలా చోటు మార్చుకుంటూ కారే బండి వస్తే నేను పానా పట్టను, ముందు బ్రీదర్ విప్పి డీజిల్‌తో కడుగుతాను. తర్వాత ఇంజన్ స్లోలో ఉండగా ఆయిల్ పోసే మూత విప్పి, ఊరికే కన్నం మీద పెట్టి చూస్తాను. కొంచెం కదలడం సహజం. ఎగిరి పడిపోతే, పొగ గుప్పుగుప్పుమంటే పిస్టన్ రింగులు అరిగాయన్నమాట. అప్పుడు సీళ్లు ఎన్ని మార్చినా దండగే, ఆ మాట ఓనరుకు ముందే చెప్పేయాలి.

ఆయిల్ ఎక్కువ పోసినా ఇలాంటి గొడవే. గేజి పుల్ల మీద పై గీత దాటితే క్రాంకు (పిస్టన్లు తిప్పే షాఫ్టు) ఆ ఆయిల్‌ను చిలికి నురగ చేస్తుంది. సమంగా ఉన్న నేల మీద, ఇంజన్ ఆపిన ఐదు పది నిమిషాల తర్వాత చూసిందే సరైన లెక్క.

అపోహ: ఎండకు కారుతోంది, వానలు పడితే ఆగుతుంది.

రోహిణి కార్తెలో మన దగ్గర రోళ్లే పగులుతాయంటారు. ఆ వేడికి ఆయిల్ పల్చబడి సందు దొరికిన చోటల్లా వస్తుంది, నిజమే. చలికాలం లీకు తగ్గినట్టు కనిపించినా సందు అలాగే ఉంటుంది. దీనికి విరుగుడుగా చిక్కటి ఆయిల్ పోయమనేవాళ్లూ ఉన్నారు. గట్టిపడిన రబ్బరును చిక్కటి ఆయిల్ మెత్తబరచదు, పొద్దున స్టార్ట్ చేసినప్పుడు ఇంజన్ పైభాగానికి ఆయిల్ ఆలస్యంగా చేరుతుంది, అంతే. డబ్బాల్లో దొరికే లీకు మందు గట్టిపడిన రబ్బరును కొన్నాళ్లు ఉబ్బించగలదు. చిరిగిన ప్యాకింగ్‌కూ గాడి పడిన షాఫ్టుకూ అది ఏమీ చేయలేదు.

పాత బుల్లెట్ల సంగతి వేరుగా చెప్పాలి. ఎక్కువ రోజులు నిలిపి ఉంచితే ఆయిల్ పంపు గుండా జారి క్రాంకు వైపు చేరుతుంది, స్టార్ట్ చేయగానే బ్రీదర్‌లోంచి కక్కుతుంది. అది ప్యాకింగ్ లీకు కాదు.

అపోహ: చుక్కే కదా, పోతే పోనీ.

నిమిషానికి ఒక చుక్క అనుకోండి. ముప్పై చుక్కలకు ఒక మిల్లీలీటరు లెక్కన రోజుకు దాదాపు 50 మిల్లీలీటర్లు, ఇరవై రోజుల్లో లీటరు. ఆ చుక్క సైలెన్సర్ గొట్టం మీద పడితే పొగ, మంట. క్లచ్ ప్లేటు మీద పడితే ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు ఇంజన్ అరుస్తుంది, బండి కదలదు.

ఎర్ర ఆయిల్ లైటు వెలిగితే ఇక ఆలోచించడానికేమీ లేదు, పక్కకు తీసి ఇంజన్ ఆపేయాలి. హైవే మీద టంగుటూరు టోల్‌గేటు దాటాక లైటు వెలిగినా, ఒంగోలు దగ్గరే కదా అని నడుపుకుంటూ వచ్చిన కారు ఒకటి నా దగ్గరికి చేరేసరికి ఇంజన్ పట్టేసింది. వారం కిందటే ఎక్కడో ఆయిల్ మార్పించారు. ఫిల్టరు విప్పితే రెండు రబ్బరు రింగులు ఒకదాని మీద ఒకటి అతుక్కుని చేతిలోకి వచ్చాయి. పాత ఫిల్టరు రింగు ఇంజన్‌కే అంటుకుని ఉండగా, చూడకుండా కొత్తది ఎక్కించారు. ఆ రెండు రింగుల మధ్య నుంచే ఆయిల్ పోయింది. అప్పటినుంచి నా షెడ్డులో పాత ఫిల్టరు విప్పగానే దాని రింగు దానికే ఉందా లేదా అని ఓనరుకు చూపిస్తాం. ఆ తర్వాతే కొత్త రింగుకు ఆయిల్ రాసి, తగిలాక ఇంకో ముప్పావు చుట్టు చేత్తోనే తిప్పుతాం.