కాసినో కాలకపోతే ఆ పాటే లేదు

గిటార్ చేతికి రాగానే చాలామంది మొదట వాయించి చూసేది 'స్మోక్ ఆన్ ది వాటర్' పాటలోని రిఫ్‌నే, అంటే మళ్లీ మళ్లీ వచ్చే చిన్న స్వరాల వరుసనే. డీప్ పర్పుల్ అనే రాక్ బృందం పాడిన ఈ పాటలో కల్పన దాదాపు లేదు. తాము చూసిన అగ్నిప్రమాదాన్ని విలేకరి వార్త రాసినట్టు ఊరు పేరుతో సహా చెప్పేశారు.

1971 డిసెంబర్‌లో ఈ ఇంగ్లండ్ బృందం కొత్త ఆల్బమ్ కోసం స్విట్జర్లాండ్‌లోని మోంట్రూకి వెళ్లింది. జెనీవా సరస్సు ఒడ్డున ఉన్న కాసినో చలికాలంలో ఖాళీగా ఉంటుంది కాబట్టి అక్కడే రికార్డింగ్ అనుకున్నారు. మరో రాక్ బృందం రోలింగ్ స్టోన్స్ వాళ్ల మొబైల్ స్టూడియో ట్రక్కును అద్దెకు తెచ్చుకున్నారు. అంతకుముందు అక్కడ ఒక్క కచేరీ మిగిలింది. అది డిసెంబర్ 4న, అమెరికన్ రాక్ సంగీతకారుడు ఫ్రాంక్ జాపా బృందానిది.

కచేరీ సాగుతుండగా ప్రేక్షకుల్లో ఎవరో ఫ్లేర్ గన్‌ని (సంకేతం కోసం మండే నిప్పును పైకి వదిలే తుపాకీని) పైకప్పు వైపు పేల్చారు. భవనమంతా కాలిపోయింది. అదృష్టం, ఎవరి ప్రాణాలూ పోలేదు. మోంట్రూ జాజ్ ఫెస్టివల్ నడిపే క్లాడ్ నాబ్స్ లోపల చిక్కుకున్న కుర్రాళ్లను బయటికి లాగారు. పాటలోని 'ఫంకీ క్లాడ్' ఆయనే. జాపా వాళ్ల వాద్యాలు, సామగ్రి బూడిదయ్యాయి. వారం తిరక్కుండానే లండన్‌లో ఒక ప్రేక్షకుడు జాపాని వేదిక మీంచి కిందికి తోసేశాడు కూడా. పాపం, ఈ కథలో అసలు నష్టమంతా ఆయనదే.

చోటు పోయిన డీప్ పర్పుల్ పావిలియన్ అనే థియేటర్‌కి మారింది. గిటారిస్ట్ రిచీ బ్లాక్‌మోర్ రిఫ్‌తో ఒక ట్రాక్ వాయిస్తుంటే, రాత్రిపూట ఆ మోత భరించలేక ఊరివాళ్లు పోలీసుల్ని పిలిచారు. ట్రాక్ పూర్తయ్యేదాకా సిబ్బంది తలుపులు తెరుచుకోకుండా అడ్డుపడ్డారట. ఆ తర్వాత మకాం ఖాళీగా ఉన్న గ్రాండ్ హోటల్‌కి. మిగతా పాటలు దాని వరండాల్లోనే రికార్డయ్యాయి.

చివరికి ఆల్బమ్‌కి కొన్ని నిమిషాల నిడివి తక్కువ పడింది. అప్పుడు పావిలియన్ ట్రాక్ గుర్తొచ్చింది. నీళ్ల మీద పరుచుకున్న పొగ బాసిస్ట్ రోజర్ గ్లోవర్ మనసులో ఉండిపోయి, ఒక పొద్దున నిద్రలేస్తూనే ఆయన నోట ఆ పేరు వచ్చిందట. మత్తుమందుల పాట అనుకుంటారేమోనని కొంచెం తటపటాయించినా, సాహిత్యం గాయకుడు ఇయాన్ గిలన్‌తో కలిసి పూర్తిచేశారు. రిఫ్‌కి ఆ బరువు గిటార్ ఒక్కదానిది కాదు. కీబోర్డ్ వాయించే జాన్ లార్డ్ తన హామండ్ ఆర్గన్ (ఎలక్ట్రిక్ ఆర్గన్) ధ్వనిని గిటార్లకు వాడే మార్షల్ ఆంప్లిఫయర్‌లోంచి పంపి అదే రిఫ్‌ని జతగా వాయించారు.

1972 మార్చిలో 'మెషిన్ హెడ్' ఆల్బమ్ వచ్చింది. హిట్టవుతుందని బృందం నమ్మింది మాత్రం 'నెవర్ బిఫోర్'ని. ముందు సింగిల్‌గా, అంటే విడి పాట రికార్డుగా, వదిలిందీ దాన్నే. 'స్మోక్ ఆన్ ది వాటర్' సింగిల్‌గా రావడానికి 1973 దాకా పట్టింది. అమెరికాలో బిల్‌బోర్డ్ పట్టికలో 4వ స్థానానికి చేరింది.