"సరదాకే అన్నాం మేడమ్": బడిలో వేధింపులపై అపోహలు, వాస్తవాలు

స్కూల్ కౌన్సెలర్‌గా నేను అన్నిటికంటే ఎక్కువసార్లు విన్న మాట ఇది. ముస్లిం, దళిత, లంబాడా పిల్లల దగ్గరికి వచ్చేసరికి ఆ సరదా ఎంత లోతుగా దిగుతుందో పెద్దలకు కనబడటం లేదు.

అపోహ: పిల్లలన్నాక ఒకరినొకరు ఆట పట్టించుకుంటారు.

వాస్తవం: ఆట పట్టించడంలో వంతులుంటాయి. ఇవాళ నువ్వు, రేపు నేను. వేధింపులో వంతు మారదు, ఎప్పుడూ అదే పిల్ల. పైగా కళ్లద్దాల గురించి వెక్కిరిస్తే ఆ ఒక్క పిల్లకే తగులుతుంది. "పాకిస్తాన్ వెళ్లిపో" అన్నా, తండా యాసను అనుకరించి నవ్వినా ఆ మాట ఇంటిల్లిపాదికీ తగులుతుంది. అమ్మానాన్నలు బాధపడతారని పిల్లలు దాన్ని ఇంటిదాకా తీసుకెళ్లరు.

ఎనిమిదో తరగతి అమ్మాయి ఒకరు నా దగ్గరికి వచ్చింది. పేరెంట్స్ మీటింగ్ రోజు బుర్ఖాలో ఉన్న వాళ్లమ్మను ఎవరో ఫోటో తీసి, వాట్సాప్ స్టిక్కర్ చేశారు. క్లాస్ గ్రూప్‌లో ఆ అమ్మాయి హోంవర్క్ ఏమిటని అడిగినా జవాబు ఆ స్టిక్కరే. రెండు నెలలు ఇదే వరస. ఇంట్లో మాత్రం ఒక్క మాటే అంది: "అమ్మీ, ఈసారి మీటింగ్‌కు అబ్బాను పంపు." తన కూతురు తనను చూసి సిగ్గుపడుతోందని ఆ తల్లి అనుకుంది.

అపోహ: ఫోన్ లాగేసుకుంటే గొడవ వదిలిపోతుంది.

వాస్తవం: స్టిక్కర్ మిగతా పిల్లల ఫోన్లలో అలాగే ఉంటుంది. చెబితే నష్టం తనకేనని మాత్రం పిల్లకు అర్థమవుతుంది. ఆ అమ్మాయి నాకు గ్రూప్ తెరిచి చూపించే ముందు "ఫోన్ తీసేసుకోరు కదా?" అని రెండుసార్లు అడిగింది. టీసీ తీసుకుని వేరే స్కూల్లో వేయడమూ ఇలాంటిదే: ఏడిపించినవాళ్లు అక్కడే ఉంటారు, ఏడ్చిన పిల్ల వెళ్లిపోతుంది.

అపోహ: ఇది పిల్లల మధ్య విషయం, టీచర్లకు సంబంధం లేదు.

వాస్తవం: స్కాలర్‌షిప్ ఫారాల కోసం "ఎస్సీ పిల్లలు లేచి నిలబడండి" అని క్లాసులో అనేది ఎవరు? మరుసటి గంట నుంచి పిల్లలు వాడే మాట అక్కడే పుడుతుంది. ఆ పిల్లలను విడిగా పిలిచి చెప్పడానికి రెండు నిమిషాలు చాలు. 2009 విద్యా హక్కు చట్టం 17వ సెక్షన్ కొట్టడాన్నే కాదు, మానసిక వేధింపునూ నిషేధించింది.

అపోహ: చేసింది మైనర్లే కాబట్టి చట్టం ఏమీ చేయలేదు.

వాస్తవం: ఎస్సీ, ఎస్టీలను నలుగురిలో కులం పేరుతో దూషించడం 1989 అత్యాచారాల నిరోధక చట్టం కింద నేరం. చేసినవాళ్లకు 18 ఏళ్లు నిండకపోతే కేసు జువెనైల్ జస్టిస్ బోర్డుకు వెళుతుంది. నేనైతే ముందు స్కూల్లోనే, ఇరువైపుల తల్లిదండ్రులనూ కూర్చోబెట్టి మాట్లాడతాను. బెదిరింపులు, మార్ఫింగ్ ఫోటోలు ఉంటే మాత్రం ఒక్క రోజు కూడా ఆగకుండా పోలీసులకు చెప్పాలి.

అపోహ: ఆ మెసేజ్‌లు డిలీట్ చేస్తే మనసు కుదుటపడుతుంది.

వాస్తవం: సాక్ష్యం పోతుంది. నంబరు, తేదీ, టైమ్ కనబడేలా స్క్రీన్‌షాట్ తీసి, ప్రిన్సిపల్‌కు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి, ఒక కాపీ మీ దగ్గర ఉంచుకోండి. అసభ్యంగా మార్చిన ఫోటో అయితే మాత్రం సాక్ష్యం కోసమని కూడా ఎవరికీ ఫార్వర్డ్ చేయకండి. పిల్లల అలాంటి ఫోటోలు పంపడమే నేరం. ఫోన్‌ను నేరుగా పోలీసులకు చూపించండి, లేదా జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు చేయండి. చైల్డ్ హెల్ప్‌లైన్ 1098కు పిల్లలే స్వయంగా, ఏ వేళలోనైనా ఫోన్ చేయవచ్చు. ఆ నంబరు వాళ్ల డైరీ మొదటి పేజీలో రాయించండి.