ఎన్ నెత్తిన అల: స్పానిష్ ‘ఎన్యే’పై అపోహలు - వాస్తవాలు

స్పానిష్ నేర్పే నేను ప్రతి కొత్త బ్యాచ్‌లోనూ ఒక అక్షరం దగ్గర కాసేపు ఆగుతాను. ఎన్ మీద చిన్న అలలాంటి గీత ఉంటుంది చూడండి, అదే. పేరు ఎన్యే.

అపోహ: అది ఎన్ అక్షరమే, పైనున్నది అలంకారం.

కాదు. స్పానిష్ వర్ణమాలలోని 27 అక్షరాల్లో ఎన్ 14వది, ఎన్యే 15వది. నిఘంటువులోనూ దాని చోటు దానిదే. గీత వదిలేస్తే మాటే మారిపోతుంది. ‘ఆన్యో’ అంటే ఏడాది, గీత లేని ‘ఆనో’ అంటే మలద్వారం. వయసు చెప్పాలంటే ఈ మాట తప్పదు కాబట్టి మొదటి వారంలోనే దీన్ని గట్టిగా చెబుతాను.

అసలు ఆ గీత కూడా ఒక ఎన్నే. లాటిన్‌లో ఏడాదిని ‘అన్నుస్’ అనేవారు, అందులో రెండు ఎన్‌లు. మధ్యయుగపు లేఖకులు చోటు కలిసొస్తుందని రెండోదాన్ని గీతగా కుదించి మొదటిదాని నెత్తిన పెట్టారు. మనం ‘న్న’ రాసేటప్పుడు రెండో న కింద వత్తుగా చేరుతుంది, వాళ్ళది పైకెక్కింది.

అపోహ: ‘న్య’ అని పలికితే సరిపోతుంది.

దగ్గరే కానీ అది కాదు. సరైన ధ్వని మన ‘ఞ’. ‘మంచి’ అనబోయి ‘చి’కి ముందే ఆగండి. నాలుక నడిమి భాగం అంగిలికి ఆని ఉంటుంది. అక్కణ్ణుంచి నేరుగా అచ్చులోకి వెళ్ళండి. ‘ఉరానియో’ యురేనియం, ‘ఉరాఞో’ నలుగురిలో కలవని మనిషి. వర్ణమాలలో ఞ ఉన్న మనవాళ్ళు కూడా ‘న్య’ దగ్గరే ఆగిపోతే నాకు బాధేస్తుంది.

అపోహ: ఇది స్పానిష్‌కే సొంతం.

గలీసియన్, బాస్క్, కెచువా, గ్వారానీ భాషల్లోనూ ఉంది. బ్రెటన్‌లో మాత్రం ముందున్న అచ్చును ముక్కుతో పలకమని చెప్పే గుర్తు.

అపోహ: కంప్యూటర్లొచ్చాక దీనితో పనిలేదు.

కీబోర్డుల్లో ఎన్యే తప్పనిసరి అన్న స్పెయిన్ నిబంధన వ్యాపారానికి అడ్డమని 1991లో యూరప్ దేశాల కూటమి అయిన యూరోపియన్ కమ్యూనిటీ అభ్యంతరం చెప్పింది. స్పెయిన్ తగ్గలేదు. యూరోపియన్ యూనియన్‌కు పునాది వేసిన మాస్ట్రిక్ట్ ఒప్పందంలో సంస్కృతికి ఇచ్చిన మినహాయింపును ఆధారంగా చూపి, 1993 ఏప్రిల్‌లో ఉత్తర్వు తెచ్చి అక్షరాన్ని నిలబెట్టుకుంది.

అపోహ: స్పానిష్ మాట కనిపిస్తే గీత పెట్టేయొచ్చు.

హబనేరో మిరపకాయకు చాలామంది పెడతారు. అది హవానా పేరు మీద వచ్చిన మాట, గీత లేదు. గీత ఉండాల్సిన మాటలో మనం దాన్ని పోగొట్టుకున్నాం. వర్షాల వార్తల్లో మన పత్రికలు రాసే ‘ఎల్ నినో’ నిజానికి ‘ఎల్ నిఞో’, అంటే బాలుడు, బాల ఏసు. క్రిస్మస్ రోజుల్లో సముద్రం వేడెక్కడం గమనించి పెరూ జాలర్లు పెట్టుకున్న పేరది.