కుడా ఇన్‌స్టాలేషన్: అపోహలు - వాస్తవాలు

అనంతపురంలో ఇంజినీరింగ్ పిల్లల ల్యాప్‌టాప్‌లకు జీపీయూ (గ్రాఫిక్స్ కార్డు), దానిమీద లెక్కలు నడిపే ఎన్విడియా సాఫ్ట్‌వేర్ కుడా (CUDA) సెటప్ చేసిపెడుతుంటాను. "కార్డు పోయిందన్నా" అని వచ్చే కేసుల్లో చాలావాటికి కార్డు బాగానే ఉంటుంది. డ్రైవర్ (కార్డును నడిపించే సాఫ్ట్‌వేర్) ఏది, టూల్‌కిట్ (కుడా ప్రోగ్రాములు తయారుచేసే పనిముట్లు) ఏది అన్న దగ్గరే తికమకంతా.

అపోహ: ఎన్విడియా-ఎస్‌ఎంఐ (కార్డు వివరాలు చూపే కమాండ్) కొడితే పైన కుడా 12.4 అని చూపిస్తోంది, అంటే కుడా ఉన్నట్టే.

వాస్తవం: కాదు. మీ డ్రైవర్ ఏ వెర్షన్ దాకా పనికొస్తుందో చెప్పే అంకె అది. టూల్‌కిట్ సంగతి దాని కంపైలర్ ఎన్‌వీసీసీని (nvcc --version) అడగాలి. లైనక్స్‌లో 'కమాండ్ నాట్ ఫౌండ్' అని వస్తే టూల్‌కిట్ అసలు లేకపోవచ్చు, లేదా ఉండి కూడా పాత్‌లో (సిస్టమ్ కమాండ్లను వెతికే ఫోల్డర్ల జాబితాలో) చేర్చకపోయి ఉండొచ్చు, కాబట్టి ముందు యూఎస్ఆర్‌లోని లోకల్ ఫోల్డర్ (/usr/local) తెరిచి కుడా ఉందేమో చూసి, ఉంటే దాని బిన్‌ను పాత్‌లో కలపండి, అంతేగానీ సిస్టమ్ ఫార్మాట్ కొట్టొద్దు సామీ. రెండు అంకెలూ ఒకటే కానక్కర్లేదు, డ్రైవర్‌ది తగ్గకుండా ఉంటే చాలు.

అపోహ: పైటార్చ్ (ఏఐ మోడళ్లకు వాడే పైథాన్ లైబ్రరీ) వేసేముందు టూల్‌కిట్ వేయాల్సిందే.

వాస్తవం: పైటార్చ్ జీపీయూ వెర్షన్‌ను పిప్‌తో (పైథాన్ ప్యాకేజీలు దించే కమాండ్) వేస్తే కావాల్సిన కుడా లైబ్రరీలు దాంతోనే వస్తాయి. డ్రైవర్ ఒక్కటి ఉండాలి. హాస్టల్లో మొబైల్ డేటా పెట్టుకుని జీబీలకు జీబీలు దించేవాళ్లను చూస్తే పాపం అనిపిస్తుంది. సొంతంగా కెర్నల్ (జీపీయూ మీద నడిచే ఫంక్షన్) రాసి కంపైల్ చేసేవాళ్లకే టూల్‌కిట్ కావాలి. విండోస్‌లో దానికి తోడు విజువల్ స్టూడియో సీ++ కంపైలర్ కూడా.

అపోహ: డబ్ల్యూఎస్‌ఎల్2లో (విండోస్ లోపలే లైనక్స్ నడిపే సదుపాయం) ఉబుంటు లైనక్స్ ఉంది కదా, లోపల లైనక్స్ డ్రైవర్ వేయాలి.

వాస్తవం: వేయొద్దు. విండోస్ డ్రైవరే లోపలా పనిచేస్తుంది. టూల్‌కిట్ కావాలంటే డబ్ల్యూఎస్‌ఎల్ కోసం విడిగా ఇచ్చేదే తీసుకోండి, అందులో డ్రైవర్ ఉండదు.

అపోహ: కొత్త వెర్షన్ ఎప్పుడూ మంచిదే.

వాస్తవం: మీ కార్డును బట్టి. 2025లో వచ్చిన కుడా 13 నుంచి మ్యాక్స్‌వెల్, పాస్కల్, వోల్టా అనే పాత తరాల కార్డులకు కంపైల్ చేయడం తీసేశారు. సెకండ్ హ్యాండ్‌లో పాస్కల్ తరం జీటీఎక్స్ 1060 కొన్నవాళ్లు 12 దగ్గరే ఆగాలి. ఆర్‌టీఎక్స్ 50 సిరీస్‌కు తిరకాసు ఇంకోలా ఉంది, 12.8 కంటే పాత కుడా టూల్‌కిట్ దాన్ని గుర్తుపట్టదు.

అపోహ: నా కెర్నల్ మైక్రోసెకన్లలో అయిపోయింది!

వాస్తవం: అయిపోలేదు, మొదలైంది. కెర్నల్‌ను పిలవగానే సీపీయూ తన దారిన పోతుంది. జీపీయూ పని ముగిసేదాకా సీపీయూను ఆపే కుడా-డివైస్-సింక్రనైజ్ పెట్టి, అప్పుడు టైమ్ చూడండి. మొదటి రన్‌ను లెక్కలోకి తీసుకోవద్దు. మే నెల మధ్యాహ్నం మన ఊళ్లో ల్యాప్‌టాప్ వేడెక్కి క్లాక్ స్పీడ్ పడిపోతే అదే కోడ్ నెమ్మదిస్తుంది, ఎన్విడియా-ఎస్‌ఎంఐలో టెంపరేచర్ కూడా చూసి మరీ నన్ను తిట్టండి.