టైమ్‌అవుట్ వచ్చిందంటే లోడు ఎక్కనట్టేనా?

భీమవరం, ఆకివీడు, ఉండి చుట్టుపక్కల రొయ్యలు కొనే ఆఫీసులకి డెస్క్‌టాప్ ప్రోగ్రాములు రాస్తుంటాను. పట్టుబడి అవగానే కౌంటు (కిలోకి ఎన్ని రొయ్యలు), కిలోలు, రేటు కొడితే ఆ వివరాలు కంపెనీ సోప్ సర్వీసుకి చేరాలి. సోప్ అంటే ప్రోగ్రాములు నెట్‌లో ఒకదానికొకటి సమాచారం పంపుకునే ఒక పద్ధతి.

సోప్ పాతబడిపోయింది కదా అంటారు. 1.2 వెర్షన్ 2003లో వచ్చిందన్నది నిజమే. కానీ సర్వీసు మనది కాదు, వాళ్లు ఏది ఇస్తే దాన్నే పిలవాలి.

అపోహ: డబ్ల్యూఎస్‌డీఎల్ (సర్వీసుని ఎలా పిలవాలో చెప్పే ఫైలు) ఇచ్చి ప్రాజెక్టులో రిఫరెన్స్ కలిపేస్తే పని అయిపోయినట్టే.
వాస్తవం: సర్వీసుని పిలిచే కోడు క్లాసులు వస్తాయి, అంతే. డబ్ల్యూసీఎఫ్ (సర్వీసుల్ని పిలవడానికి మైక్రోసాఫ్ట్ ఇచ్చిన లైబ్రరీ) బేసిక్ బైండింగ్ సెట్టింగుల్లో జవాబు సైజుకి డీఫాల్టు హద్దు 65,536 బైట్లు. పదిమంది రైతులతో టెస్టు చేస్తే బ్రహ్మాండంగా నడుస్తుంది. సీజన్లో మొత్తం లిస్టు అడగ్గానే ఎర్రర్ కొడుతుంది. హద్దు పెంచండి, వీలుంటే లిస్టుని విడతలుగా అడగండి.

అపోహ: 500 ఎర్రర్ కోడు వస్తే సర్వరు పడిపోయింది.
వాస్తవం: సోప్ 1.1లో ఫాల్ట్, అంటే తప్పు జరిగిందని సర్వీసు చెప్పే జవాబు, వచ్చేదే 500తో. లోపల కారణం రాసి ఉంటుంది, చదివి గుమస్తాకి తెలుగులో చూపించండి: "చెరువు కోడు తప్పు".

అపోహ: టైమ్‌అవుట్ వస్తే అందలేదు, మళ్లీ పంపేయొచ్చు.
వాస్తవం: జవాబు మనకి రాలేదు, అంతవరకే తెలుసు. అవతల సేవ్ అయిపోయి ఉండొచ్చు. ఒక రాత్రి కిలోకి 60 తూగే సరుకు, 840 కిలోలు, రెండుసార్లు ఎక్కింది. జవాబు కోసం ఆగే డీఫాల్టు గడువు 1 నిమిషం. అవతల అంతకన్నా ఎక్కువ పట్టింది, కుర్రాడు మళ్లీ నొక్కాడు. లెక్క తేలేదాకా రెండు రోజులు ఆ రైతుకి డబ్బులు ఆగిపోయాయి. మేత బాకీ కట్టాల్సిన మనిషి ఆయన. ఆ తప్పు నాది.

అప్పట్నుంచి ప్రతి లోడుకీ పంపకముందే ఒక జీయూఐడీ (మరే లోడుకీ రాని ప్రత్యేక నంబరు) పుట్టించి లోకల్ డేటాబేసులో రాస్తున్నాను. ఎన్నిసార్లు పంపినా అదే నంబరు. అది రెండోసారి వస్తే అవతలి వాళ్లు కొత్త ఎంట్రీ వేయకుండా పాత రసీదే తిరిగివ్వాలి. వాళ్లని ఒప్పించడానికి చాలా ఫోన్లు చేయాల్సొచ్చింది. ఇది లేకుండా ఇప్పుడు ఏ ఆఫీసులోనూ ప్రోగ్రాము పెట్టను.

అపోహ: స్క్రీను బిగుసుకుపోతే నెట్ తప్పు.
వాస్తవం: బటన్ క్లిక్‌లోనే సర్వీసుని పిలిచి జవాబు కోసం కూర్చోబెడితే, నెట్ బాగున్నా కాసేపు బిగుసుకుంటుంది. బిగుసుకున్న బటన్ని ఎవరైనా మళ్లీ నొక్కుతారు. అసింక్‌లో (స్క్రీను ఆగకుండా వెనకాల) పిలవండి, బటన్ ఆపేసి "పంపుతున్నాం, ఆగండి" అని చూపించండి. బయట ఐసు కరుగుతుంటే, లారీ హారన్ కొడుతుంటే కంగారులో ఉన్న కుర్రాడికి ఆ ఒక్క ముక్క కనిపించాలి.